గ్రీకులకూ పారశీకులకూ తగాదా ఎక్కడ మొదలైంది? – ఒక పాత గుమాస్తా పరిశీలన



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు రెండుసార్లు కబురు పంపారు. డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో ఉన్నారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు చదువుదామనుకొని చదవలేకపోయిన చరిత్ర పుస్తకాలను ఇప్పుడు నింపాదిగా చదువుకుంటున్నాను. వాటిలో నన్ను బాగా ఆలోచింపజేసిన ఒక పాత తగాదా గురించి రాస్తున్నాను.

దీనికి కారకుడు నా మనుమడు. దసరా సెలవులకు హైదరాబాదు నుండి సిద్దిపేటకు వచ్చి, 2007లో విడుదలైన ఒక ఇంగ్లీషు సినిమా చూస్తున్నాడు. మూడు వందల మంది స్పార్టా వీరులు ఒక కనుమ దగ్గర పారశీక సైన్యాన్ని అడ్డుకున్న కథ అది. పారశీకులను, అంటే నేటి ఇరాన్ వారి పూర్వీకులను, అందులో అచ్చం రాక్షసుల్లాగా చూపించారు. "తాతా, అసలు వీళ్ళకూ వాళ్ళకూ లొల్లి ఎందుకొచ్చింది?" అని వాడు అడిగాడు. యుద్ధం ఎట్లా జరిగిందంటే చెప్పగలను గాని, మొదలెక్కడ అంటే వెంటనే చెప్పలేకపోయాను. ఆ రాత్రి మళ్ళీ పుస్తకాలు తీశాను.

ఒక పక్షం వాంగ్మూలం

ఒక పక్షం దరఖాస్తు మాత్రమే చదివి నోటు ఫైలు రాయకూడదని కచేరీలో పనిచేసిన మనందరికీ తెలుసు. కాని ఈ తగాదాలో మనకు దాదాపు ఒక పక్షం వాంగ్మూలమే మిగిలింది. అది రాసినవాడు హెరొడోటస్. ఆయన క్రీ.పూ. 484 ప్రాంతంలో హాలికర్నాసస్‌లో, అంటే నేటి తుర్కియే దేశపు సముద్రతీరంలో పుట్టాడు. గ్రీకువాడే గాని, ఆయన పుట్టేనాటికి ఆ ఊరు పారశీక చక్రవర్తి ఏలుబడిలో ఉంది. అందువల్లనేమో, ఉభయ పక్షాల ఘనకార్యాలనూ భద్రపరచాలని, వారి పోరుకు కారణం తేల్చాలని సంకల్పించి గ్రంథం ప్రారంభించాడు. ఆడవాళ్ళను ఎత్తుకుపోయిన పాత కథలు కొన్ని చెప్పి, వాటిని పక్కనబెట్టి, తనకు తెలిసినంతలో గ్రీకులకు మొదట అన్యాయం చేసినవాడి దగ్గర నుండి మొదలుపెట్టాడు.

పారశీకుల తరఫున అటువంటి గ్రంథం లేదు. కొండరాళ్ళ మీది శాసనాలున్నాయి. అవి గాక, 1933లో వారి రాజధాని పర్సెపోలిస్‌లో వేలకొద్దీ మట్టి పలకలు బయటపడ్డాయి. అవి డేరియస్ చక్రవర్తి కాలం నాటి దఫ్తరు కాగితాల వంటివి. ఏ కూలివానికి ఎంత ధాన్యం, ఏ ప్రయాణికునికి ఎంత పిండి, ప్రసవించిన పనివాళ్ళకు అదనంగా ఎంత రేషన్ అన్న లెక్కలు వాటిలో ఉన్నాయి. హిందూదేశం దారిన పోయిన ప్రయాణికుల పేర్లు కూడా కనబడతాయి. ఆ పలకలు గీసినవారు మనవంటి గుమాస్తాలే. సినిమాలో చూపిన రాక్షసుల రాజ్యం లెక్కలు, రసీదుల మీద నడిచిందన్న మాట.

సముద్రపు ఒడ్డున పన్నెండు పట్నాలు

నేటి తుర్కియే పడమటి తీరంలో అయోనియా అనే సీమ ఉండేది. మిలెటస్, ఎఫెసస్ మొదలైన పన్నెండు గ్రీకు పట్నాలు అక్కడుండేవి. వ్యాపారంలోనూ విద్యలోనూ ఆనాడు అవి ముందు. ఈ అయోనియా పేరునే పారశీకులు 'యౌన' అన్నారు. మన సంస్కృతంలోని 'యవన' శబ్దం ఆ కుదురులోదే. తర్వాతి కాలంలో మన శాతవాహన గౌతమీపుత్ర శాతకర్ణి శకులను, యవనులను, పహ్లవులను అణచినవాడని నాసిక్ శాసనంలో ఆయన తల్లి చెప్పించింది. చాలా శతాబ్దాల తర్వాత శ్రీకృష్ణదేవరాయలకు యవనరాజ్య స్థాపనాచార్య అనే బిరుదు వచ్చేనాటికి ఆ మాటకు అర్థమే మారిపోయింది. కనుక ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఈ పట్నాలను మొదట లొంగదీసి కప్పం పుచ్చుకున్నవాడు పొరుగున ఉన్న లిడియా రాజు క్రీసస్. హెరొడోటస్ వేలెత్తి చూపించిన మొదటి దోషి అతడే. క్రీ.పూ. 546 ప్రాంతంలో పారశీక రాజు సైరస్ లిడియా మీదికి వచ్చి, దాని రాజధాని సార్డిస్‌ను పట్టుకున్నాడు. అంతకుముందు సైరస్, క్రీసస్ మీద తిరగబడి తనతో కలవమని గ్రీకు పట్నాలకు కబురు పంపితే అవి ఒప్పుకోలేదు. క్రీసస్ ఓడిన తర్వాత పాత షరతుల మీదనే మీకు లోబడతామని వచ్చాయి. మిలెటస్‌కు తప్ప తక్కినవాటికి ఆ షరతులు దక్కలేదు. మిగిలిన పట్నాలను సైరస్ సేనానులు బలప్రయోగంతో లొంగదీశారు. ఆ విధంగా యవనులు ఒక దొర నుండి మరొక దొరకు బదిలీ అయ్యారు. కొత్త దొర ఎక్కడో మూడు నెలల ప్రయాణంలో ఉన్నాడు.

శిస్తు, రహదారి, క్షత్రపులు

క్రీ.పూ. 522లో డేరియస్ గద్దెనెక్కాడు. ఆయన రాజ్యాన్ని 20 సుబాలుగా విభజించి, ఒక్కొక్క సుబాకు ఇంత శిస్తు అని ఖరారు చేశాడని హెరొడోటస్ రాశాడు. అయోనియా దాని పొరుగు సీమలు కలిపి మొదటి సుబా. దాని శిస్తు సాలుకు 400 టాలెంట్ల వెండి. ఒక టాలెంటు 25 నుండి 30 కిలోల తూకం. సింధునదీ ప్రాంతపు హిందూ సుబా 360 టాలెంట్ల బంగారుపొడి చెల్లించేదని, అన్నింటిలో అదే పెద్దదని కూడా రాశాడు. సుబా అధికారిని గ్రీకులు సాత్రప్ అన్నారు. మన చరిత్రలోని క్షత్రపులు అన్న మాట దాని తోబుట్టువే.

సార్డిస్ నుండి సూసా రాజధాని వరకు రాజమార్గం వేసి ఉండేది. దాని మీద 111 మజిలీలు. నడిచిపోతే 90 రోజులు. ఏర్పాటు మాత్రం చక్కటిది. లోపం మరొకచోట ఉంది. పారశీకులు గ్రీకు పట్నాలను నేరుగా పాలించలేదు. ప్రతి పట్నంలోనూ తమకు విధేయుడైన ఒక స్థానిక పెద్దమనిషిని నిరంకుశునిగా కూర్చోబెట్టారు. వాడి బలం ఊరివాళ్ళ సమ్మతి కాదు, సార్డిస్‌లోని సాత్రప్ దయ. శిస్తు వసూలైతే చాలు, వాడు ఊరిలో ఏం చేసినా పైన అడిగేవాడు లేడు. మన ప్రాంతంలో పాత జాగీరుల రోజులు చూసిన పెద్దల నోట ఇటువంటి ఏర్పాటు గురించి మనం వినే ఉన్నాం.

మట్టీ నీళ్ళూ

ఇంతవరకూ ఇది సముద్రానికి ఈ వైపు సంగతి. ఆ వైపునున్న ఏథెన్స్‌కు దీనితో పేచీ ఎట్లా వచ్చిందో చూడండి.

ఏథెన్స్ ప్రజలు క్రీ.పూ. 510లో హిప్పియస్ అనే నిరంకుశుని వెళ్ళగొట్టి, కొద్దికాలంలోనే ప్రజాపాలన ఏర్పరచుకున్నారు. స్పార్టా వారు దండెత్తి వస్తారని భయపడి, క్రీ.పూ. 507 ప్రాంతంలో సార్డిస్‌కు రాయబారులను పంపారు. అక్కడ సాత్రప్ ఆర్టాఫెర్నీస్. ఆయన డేరియస్‌కు సోదరుడు. మీరెవరు, ఎక్కడుంటారని ఆయన రాయబారులను అడిగాడు. తర్వాత, మట్టీ నీళ్ళూ ఇస్తే స్నేహం, లేకపోతే దయచేయండి అన్నాడు. మట్టీ నీళ్ళూ ఇవ్వడమంటే భూమినీ జలాన్నీ అప్పగించి లొంగిపోయినట్లు పారశీకుల లెక్క. రాయబారులు తమంతట తామే సరేనన్నారు. ఊరికి తిరిగి వచ్చాక బాగా చీవాట్లు తిన్నారు.

పై అధికారి మంజూరు లేకుండా కిందివాడు ఇచ్చిన హామీ చెల్లుతుందా? ఏథెన్స్ వారు చెల్లదనుకున్నారు. సార్డిస్ దఫ్తరులో మాత్రం వాళ్ళు లొంగినవారి కింద నమోదయ్యే ఉంటారు. అటు తర్వాత హిప్పియస్ సార్డిస్ చేరి ఏథెన్స్ మీద చాడీలు చెప్పసాగాడు. అతణ్ణి తిరిగి గద్దెమీద కూర్చోబెట్టుకోండని ఆర్టాఫెర్నీస్ తాకీదు పంపాడు. ఏథెన్స్ నిరాకరించింది. ఒక పక్షం దృష్టిలో అది స్వాతంత్ర్యం, రెండో పక్షం దృష్టిలో అది ఇచ్చిన మాట తప్పడం.

ఒక కుర్చీ భయం

మంట అంటుకున్నది మాత్రం మిలెటస్‌లో. అక్కడి నిరంకుశుడు హిస్టియాయస్ డేరియస్‌కు ఒకప్పుడు గొప్ప సేవ చేశాడు. కాని మనిషి మరీ పెద్దవాడైపోతున్నాడని, డేరియస్ అతణ్ణి ఆంతరంగిక సలహాదారు అని పిలిపించి సూసాలోనే ఉంచేశాడు. ప్రమోషన్ పేరుతో హెడ్డాఫీసుకు బదిలీ అన్నమాట. ఊళ్ళో అతని స్థానంలో అల్లుడు అరిస్టాగొరస్ ఇన్‌ఛార్జిగా ఉన్నాడు.

నాక్సోస్ ద్వీపం నుండి వెళ్ళగొట్టబడిన కొందరు శ్రీమంతులు అరిస్టాగొరస్ సాయం కోరారు. వీళ్ళ పేరుతో ఆ ద్వీపం తనకు చిక్కుతుందని అతడు ఆశపడ్డాడు. నూరు ఓడలిస్తే ద్వీపాన్ని పట్టి చక్రవర్తికి అప్పగిస్తానని, ఖర్చు కూడా రాబడతానని ఆర్టాఫెర్నీస్‌కు చెప్పాడు. సాత్రప్ చక్రవర్తి అనుమతి తెప్పించుకొని నూరు కాదు రెండు వందల ఓడలిచ్చి, మెగాబేట్స్ అనే తమ బంధువును సేనాధిపతిగా పంపాడు. దారిలో ఒక ఓడ మీద కాపలా లేదని మెగాబేట్స్ దాని నాయకుణ్ణి కట్టించి, తెడ్డు కన్నంలో నుండి తల బయటికి వచ్చేటట్లు పెట్టించాడు. అరిస్టాగొరస్ వెళ్ళి విడిపించాడు. ఈ దండులో ఎవరి మాట చెల్లాలి అని ఇద్దరికీ చెడింది. నాలుగు నెలలు ముట్టడించినా నాక్సోస్ లొంగలేదు. డబ్బు అయిపోయింది.

ఇప్పుడు అరిస్టాగొరస్ పరిస్థితి ఊహించండి. ఇచ్చిన మాట నెరవేరలేదు, ఖర్చు తన నెత్తిన పడింది, సేనాధిపతితో వైరం. కుర్చీ పోవడం ఖాయమనుకున్నాడు. సరిగ్గా అప్పుడే సూసా నుండి మామగారి మనిషి వచ్చాడు. హిస్టియాయస్ ఒక బానిస తల గొరిగించి, నెత్తి మీద సందేశం పొడిపించి, వెంట్రుకలు పెరిగిన తర్వాత పంపాడట. అక్కడ ఇతని తల మళ్ళీ గొరిగితే తిరుగుబాటు చేయమన్న కబురు బయటపడింది. మామకు ఊరికి తిరిగి రావాలని, అల్లుడికి కుర్చీ కాపాడుకోవాలని. ఇద్దరి సొంత అవసరాలూ కలిసి క్రీ.పూ. 499లో అయోనియా తిరుగుబాటుగా మారాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. స్వార్థపరుడు పిలిస్తే ఇన్ని పట్నాలు ఎందుకు లేచాయి? అరిస్టాగొరస్ మొదట చేసిన పని, తన నిరంకుశాధికారం వదులుకుంటున్నట్లు ప్రకటించి, తక్కిన పట్నాల నిరంకుశులను పట్టి ఊరివాళ్ళకు అప్పగించడం. మిటిలేనీ వారు తమ నిరంకుశుని రాళ్ళతో కొట్టి చంపారు. చాలా ఊళ్ళు మాత్రం పొమ్మని వదిలేశాయి. అంటే కట్టెలు ఎండి సిద్ధంగా ఉన్నాయి, అరిస్టాగొరస్ అగ్గిపుల్ల గీశాడు.

చిన్నపిల్ల చెప్పిన బుద్ధి

సాయం కోసం అరిస్టాగొరస్ స్పార్టా వెళ్ళి, కంచురేకు మీద చెక్కిన ప్రపంచపటం రాజు క్లియోమెనీస్ ముందు పెట్టాడు. సముద్రం నుండి సూసాకు ఎంత దూరమని రాజు అడిగితే, మూడు నెలలని నిజం చెప్పేశాడు. పొద్దుగూకేలోగా ఊరు విడిచి పొమ్మన్నాడు రాజు. అరిస్టాగొరస్ ఇంటికి వెళ్ళి లంచం ఆశపెట్టి, పది టాలెంట్ల నుండి యాభై వరకు పాట పెంచాడు. పక్కనే ఉన్న రాజు కూతురు గోర్గో, ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల, ఇక్కడి నుండి లేచి పోకపోతే ఈ కొత్త మనిషి నిన్ను చెడగొడతాడు నాన్నా అన్నదట. రాజు లేచి వెళ్ళిపోయాడు. మన ఆఫీసుల్లో కూడా అటువంటి పిల్లను ఒక్కొక్కరిని కూర్చోబెడితే బాగుండేదని నాకనిపించింది.

ఏథెన్స్‌లో అతని మాట సాగింది. సభ 20 ఓడలు మంజూరు చేసింది. ఎరిట్రియా వారు 5 ఇచ్చారు. ఒక్కణ్ణి మోసగించడం కంటే ముప్పై వేల మందిని మోసగించడం సులువని హెరొడోటస్ ఎత్తిపొడిచాడు. ఉభయ జాతుల కష్టాలకూ ఆ ఓడలే ఆరంభమని ఆయన అభిప్రాయం.

సార్డిస్ మంట

క్రీ.పూ. 498లో వీళ్ళంతా కలిసి సార్డిస్ మీద పడ్డారు. ఆర్టాఫెర్నీస్ కోటలో ఉండి కాపాడుకున్నాడు. కింది పేటలో ఇళ్ళు చాలావరకు రెల్లువి. ఇటుక గోడలున్న ఇళ్ళకు కూడా రెల్లు కప్పే. ఒక సిపాయి ఒక ఇంటికి నిప్పు పెట్టాడు. ఊరంతా అంటుకొని అక్కడి దేవీ ఆలయం కాలిపోయింది. వెనక్కి పోతుంటే పారశీకులు ఎఫెసస్ దగ్గర తరిమి కొట్టారు. ఏథెన్స్ వారు ఓడలెక్కి ఇంటికి పోయి, ఎంత బతిమాలినా మళ్ళీ రాలేదు.

సంగతి విన్న డేరియస్, ఏథెన్స్ వాళ్ళంటే ఎవరని అడిగాడట. తొమ్మిదేళ్ళ కిందట ఆయన సోదరుడు వేసిన ప్రశ్నే ఇదీ. తర్వాత ఆకాశంలోకి బాణం విడిచి పగ తీర్చుకునే వరమడిగి, రోజూ భోజనం వేళ ఏథెన్స్ వారిని మూడుసార్లు జ్ఞాపకం చేయమని ఒక సేవకుని నియమించాడట. కథలో కల్పన ఉండవచ్చు. ఆలయం కాలిన సంగతి మాత్రం పారశీకులు మరువలేదు.

తిరుగుబాటు మరి నాలుగేళ్ళు సాగింది. క్రీ.పూ. 494లో లాడే దగ్గర గ్రీకుల 353 ఓడలూ పారశీకుల 600 ఓడలూ తలపడ్డాయి. సామోస్ వారి ఓడల్లో చాలావరకు మధ్యలోనే జారుకున్నాయి. మిలెటస్ పడిపోయింది. మగవాళ్ళలో చాలామంది చచ్చారు, ఆడవాళ్ళూ పిల్లలూ బానిసలయ్యారు, మిగిలినవారిని దూరంగా టైగ్రిస్ నదీముఖం దగ్గరికి తరలించారు. ఏథెన్స్‌లో ఫ్రినికస్ ఈ విషయం మీద నాటకం ఆడిస్తే ప్రేక్షకులంతా ఏడ్చారు. సొంత కష్టాన్ని గుర్తు చేశాడని సభ ఆ కవికి వెయ్యి ద్రాక్మాల జుర్మానా వేసింది. వదిలి వచ్చినవాళ్ళ మనస్సు ఎక్కడో గుచ్చుకొని ఉంటుంది.

ఆలస్యంగా జరిగిన పైమాయిష్

నన్ను ఈ వ్యాసం రాయించిన ఘట్టం ఇక్కడుంది. అందరూ దీనిని రెండు వాక్యాల్లో దాటేస్తారు.

క్రీ.పూ. 493లో ఆర్టాఫెర్నీస్ పట్నాల ప్రతినిధులను పిలిపించాడు. ఒకరి మీద ఒకరు దాడులు చేసుకోకుండా తగాదాలను మధ్యవర్తిత్వంతో తీర్చుకునే ఒడంబడిక చేయించాడు. భూమంతా పరసంగుల లెక్కన కొలిపించి, ఆ పైమాయిష్ ప్రకారం ఏ ఊరికెంత శిస్తో ఖరారు చేశాడు. మొత్తం మునుపటి అంతే, హెచ్చలేదు. కొలత మీద పంపిణీ జరిగింది. ఆ జమ తన కాలం దాకా చెల్లుతూనే ఉందని హెరొడోటస్ రాశాడు. మరుసటి ఏడు మార్డోనియస్ అనే సేనాని వచ్చి నిరంకుశులను తొలగించి, పట్నాలలో ప్రజాపాలనలు ఏర్పరచాడు.

ఊరివాళ్ళు దేనికోసం లేచారో అది చాలావరకు ఇచ్చేశారన్నమాట. సార్డిస్ కాలక ముందు, మిలెటస్ బూడిద కాక ముందు ఈ పని చేయడానికి అడ్డమేముంది?

ఇది చదువుతుంటే నాకు నా పాపం ఒకటి గుర్తుకొచ్చింది. 1970 దశకం చివర నేను ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. ఒక గ్రామంలో అన్నదమ్ములిద్దరికి ఆరు గుంటల జాగ మీద తకరారు. హద్దులు కొలిపించమని తమ్ముడు దరఖాస్తు పెట్టాడు. సర్వేయరు కొరత, పైన సంతకం కాలేదు, మరునెల రమ్మనడం. ఈ విధంగా ఎనిమిది నెలలు ఆ కాగితం నా బల్ల మీద ఉంది. ఒక వానాకాలం పొద్దున గెట్టు మీద మాట పెరిగి అన్న గొడ్డలి ఎత్తాడు. తమ్ముడి కుడిచేయి పనికిరాకుండా పోయింది, అన్న జైలుకు పోయాడు. కేసు కోసం నాలుగు రోజుల్లో గొలుసు తెచ్చి కొలిచారు. తర్వాత ఒకనాడు తమ్ముడు ఆఫీసుకు వచ్చి, కోపం లేకుండానే, "సారూ, గీ గొలుసేదో ముందుగాల్నే తెస్తే మా అన్న జేలుకు పోకపోవు గద" అన్నాడు. నేను తలెత్తలేదు. ఆ మాటకు జవాబు నాకు ఇప్పటికీ లేదు.

అయితే యుద్ధానికి ఇదొక్కటే కారణమని నేననను. డేరియస్ క్రీ.పూ. 513 ప్రాంతంలోనే సముద్రం దాటి యూరప్‌లో కాలు పెట్టాడు. త్రేస్, మాసిడోనియాలు అప్పటికే వంగాయి. రాజ్యవిస్తరణ ఆశ ఎటూ గ్రీసు దాకా వచ్చేదని చెప్పే చరిత్రకారులున్నారు. ఆ మాటను కొట్టివేయలేం. కాని వచ్చే తీరు వేరుగా ఉండేది. మార్డోనియస్ దిద్దుబాటు చేసినా, సార్డిస్ బాకీ తీరలేదని క్రీ.పూ. 490లో దండు కదిలి ఎరిట్రియా ఆలయాలను కాల్చింది, మారథాన్‌లో ఓడింది. క్రీ.పూ. 480లో డేరియస్ కొడుకు క్సెర్క్సీస్ స్వయంగా వచ్చి ఏథెన్స్ ఆలయాలను తగలబెట్టాడు. ఆ సైన్యంలో నూలుబట్టలు కట్టి, రెల్లు విల్లంబులు పట్టిన మన హిందూదేశపు సిపాయిలు కూడా ఉన్నారు. సలామిస్‌లో, ప్లాటియాలో పారశీకులు ఓడారు. దానికి బదులు తీర్చానని క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ పర్సెపోలిస్‌ను తగలబెట్టాడు. ఒక సిపాయి రెల్లుకప్పుకు పెట్టిన నిప్పు 168 ఏళ్ళు రగిలింది.

దఫ్తరు, కలం

చివరగా ఒక్క మాట. నిజాం రాజ్యంలో 1880 దశకం వరకు సర్కారు కాగితాలు ఫార్సీలోనే ఉండేవి. తర్వాత ఉర్దూ వచ్చినా మాటలు పోలేదు. తహసీల్దారు, జమాబందీ, పట్టాదారు, పైమాయిష్ అంటూ మనం సర్వీసంతా వాటితోనే గడిపాం. వాటిలో 'దఫ్తరు' అన్న మాట ఫార్సీ, అరబ్బీల గుండా మన దగ్గరికి వచ్చిందిగాని, దాని మొదలు గ్రీకు భాషలో ఉందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. గ్రీకులో దిఫ్తెరా అంటే తోలు. అయోనియా వారు పూర్వం మేకతోలు, గొర్రెతోలు మీద రాసేవారని, అందువల్ల పుస్తకాలను కూడా తోళ్ళు అనే అనేవారని హెరొడోటసే రాశాడు. మన 'కలం' కూడా అంతే. గ్రీకులో కలమోస్ అంటే రెల్లు.

తోలు పేరు, రెల్లు పేరు రెండూ ఆ తగాదా పడిన జాతులను దాటుకొని సిద్దిపేట కచేరీ దాకా వచ్చి మన చేతుల్లో పడ్డాయి. అవి ఎవరివని మనం ఏనాడూ అడగలేదు. నెలనెలా వాటితోనే జీతం తీసుకున్నాం, పిల్లలను చదివించుకున్నాం.

మనుమడికి ఈ కథంతా చెప్పాను. వాడు చివరిదాకా విని, "అంటే రాక్షసులు ఎవరూ లేరా తాతా?" అన్నాడు. లేరురా, బల్ల మీద కాగితం పెట్టుకొని కూర్చున్నవాళ్ళే ఉన్నారన్నాను. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలెవరైనా ఇది చదివితే, రేపు ఆఫీసుకు వెళ్ళగానే అన్నింటికంటే కిందనున్న ఫైలు ఒకసారి తీసి చూడమని నా మనవి.

సెలవు.